మెరుపు పోయేదాకా

టాలివర్ ఊరి లైబ్రరీ తలుపు తీయగానే ఎడమచేతి వైపు ఒక చిన్న అలమర ఉంటుంది. ‘మనవాళ్లు రాసినవి, మన గురించి రాసినవి, కొత్తవి’ అని లైబ్రేరియన్ పర్విస్ అట్టముక్క మీద రాసి దానికి అంటించాడు. మిసిసిపీ నుంచి జార్జియా దాకా, ఈ దక్షిణాది నేల మీద పుట్టి పెరిగినవాళ్లు రాసిన కొత్త పుస్తకం ఏది వచ్చినా అందులోకే చేరుతుంది. దాన్ని ఊళ్లో అందరికంటే ముందు చదివేది వెర్డెల్ టేటమ్. అందరికంటే ముందు తిట్టేది కూడా ఆవిడే.

“వరండా లేని పుస్తకం ఒక్కటి చూపించు, పర్విస్! వరండా, వరండాలో ఊగే కుర్చీ, కుర్చీలో మతిపోయిన మేనత్త. మా మేనత్తలు కుర్చీలో కూర్చుని ఊగితే బఠాణీలు ఎవరు ఒలిచారట?”

“మరి ఎందుకు చదువుతారు, మిస్ వెర్డెల్?”

“ఒక్కరైనా సరిగ్గా రాస్తారేమోనని.”

ముప్ఫై మూడేళ్లు బడి వంటింట్లో వండి ఊళ్లో సగం మందికి అన్నం పెట్టిన మనిషి. ఆ సగం మందినీ తిట్టే హక్కు తనకుందని ఆవిడ నమ్మకం. మిగతా సగం మంది కూడా ఆ హక్కును పెద్దగా కాదనేవారు కారు.

సెప్టెంబరులో ఆ అలమరలోకి నడీన్ కోలీ పుస్తకం వచ్చింది. ‘జిన్ను రోడ్డు వంటిల్లు’ అని పేరు, ఊళ్లో పత్తి జిన్ను మిల్లు ఉన్న రోడ్డు అది. పర్విస్ దాన్ని అలమరలో పెట్టకుండా, కాగితంలో చుట్టి, తానే స్వయంగా వెర్డెల్ ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఆ వంటిల్లు మరెవరిదో కాదు, వెర్డెల్‌దే. నడీన్ పక్కింటి పిల్ల. తల్లి చేపల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసేది కనక, బడి వదిలాకా శనివారాలూ ఆ పిల్ల వెర్డెల్ వంటింట్లోనే పెరిగింది. ఇప్పుడు అట్లాంటాలో ఉంటుంది. నలభై దాటాయి. ఇది మొదటి పుస్తకం.

మొదటి పేజీలో ఇలా ఉంది: ‘మిస్ వెర్డెల్ టేటమ్‌కి. తన దగ్గరున్నదంతా, ఏదీ దాచుకోకుండా, నాకు పెట్టిన చేతికి.’

వెర్డెల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని చదివింది. మళ్లీ తీసి తుడుచుకుంది. రెండు రోజుల్లో పుస్తకం పూర్తయింది. తిట్టడానికి ఒక్క వాక్యం దొరకలేదు. వరండా ఉంది, కానీ అందులో వెర్డెల్ నిలబడి పోస్ట్‌మ్యాన్‌తో పోట్లాడుతోంది. అది నిజమే కాబట్టి ఊరుకుంది. బతికుండగానే ఒక మనిషికి ఇంత గౌరవం దక్కుతుందా అని ఆ రెండు రోజులూ ఆవిడ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఆఖరి పేజీ తిప్పింది. అక్కడ ‘మిస్ వెర్డెల్ కారమెల్ కేకు’ అని, కొలతలతో సహా, ఆవిడ వంట కార్డు అచ్చయి ఉంది. పంచదార ఇనప మూకుట్లో కరిగించడం, వెన్న, డబ్బా పాలు, చన్నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టేదాకా పాకం పట్టడం, దించి కేకు మీద పోయడం. అంతే.

గుండెలో రాయి పడినట్టయింది వెర్డెల్‌కి. దించాక వెంటనే పోయకూడదు. గిన్నె అడుగున అరచెయ్యి ఆనించగలిగేంత చల్లారనిచ్చి, చెక్క గరిటెతో కలపాలి. పాకం మీద మెరుపు పోయి, మసకబారేదాకా, చెయ్యి పీకేదాకా కలపాలి. అప్పుడే అది కేకుని పట్టుకుని గట్టిపడుతుంది. లేకపోతే పళ్లెంలోకి, పళ్లెంలోంచి బల్ల గుడ్డ మీదికి కారిపోతుంది. ఆ ఒక్క లైను కార్డులో లేదు. ఆవిడ ఎవరికి రాసిచ్చిన కార్డులోనూ లేదు.

టాలివర్‌లో వంట కార్డు అడిగితే లేదనడం మర్యాద కాదు. అడిగినదంతా ఇవ్వడం తెలివీ కాదు. అందుకని ఇస్తారు, ఒక్కటి మింగేసి ఇస్తారు. పిన్నమ్మలు చేశారు, అమ్మమ్మలు చేశారు. కాకపోతే బయటివాళ్లకి చేస్తారు, సొంతవాళ్లకి చేయరు. వెర్డెల్ సొంతవాళ్లకీ చేసింది. అందరిలోకీ ప్రాణస్నేహితురాలు, చర్చి స్త్రీల సమాజంలో నలభై ఏళ్లుగా పక్క కుర్చీలో కూర్చునే మోజెల్ గ్రేడీకి కూడా చేసింది. అది 1981. ఆ ఏడాది జిల్లా సంతలో కేకుల పోటీకి ఇద్దరూ పేరిచ్చారు. మొదటి బహుమతి నీలం రిబ్బను వెర్డెల్‌కి వచ్చింది. సంత అయ్యాక చెబుదామనుకుంది. వారం పోయాక చెబితే వారం ఎందుకు ఆగావంటుంది, ఏడాది పోయాక చెబితే ఏడాది ఎందుకు ఆగావంటుంది. అలా నలభై ఏళ్లు దాటిపోయాయి. మోజెల్ మాత్రం ప్రతిసారీ, “నా చేతిలో ఏదో దరిద్రం ఉంది వెర్డెల్, నీ కార్డుదేం తప్పు లేదు” అంటూనే ఉంది.

నడీన్‌కి ఎందుకు చేసింది? ఆ పిల్ల కాలేజీకి పోతూ బస్సు దగ్గర అడిగింది. వెర్డెల్ హడావిడిగా సంచి మీద పెట్టి రాసింది. అలవాటు కొద్దీ చెయ్యే ఆ లైను దాటేసిందో, తనే దాటేసిందో ఇప్పటికీ ఆవిడకి తెలియదు.

అక్టోబరు వచ్చేసరికి పుస్తకం బాగా అమ్ముడుపోతోందని పర్విస్ సంబరంగా చెప్పాడు. మరుసటి వారం అంత సంబరంగా లేడు. మెంఫిస్‌లో ఒక చర్చి ఆడవాళ్లు కేకు చేసుకుని తింటూ పుస్తకం గురించి మాట్లాడుకుందామని పెట్టుకున్నారట. పాకం కారి బల్ల గుడ్డలు పాడయ్యాయట. బర్మింగ్‌హామ్‌లో ఇంకొకరిదీ అంతేనట. పర్విస్ తన ఫోను ఆవిడ ముందు పెట్టాడు. ఎవరో ఇలా రాశారు: ‘పుస్తకం బాగుంది. కేకు అబద్ధం. ఈవిడ అసలు మన వంటింట్లో ఎప్పుడైనా కాలు పెట్టిందా? కేకు గురించి అబద్ధమాడిన మనిషి మిగతాది మాత్రం నిజం రాసి ఉంటుందా?’ దాని కింద మూడు వందల మంది అవునన్నారు.

“ఈ మాట పాకిపోతే ఆ అమ్మాయి పని అయిపోయినట్టే, మిస్ వెర్డెల్,” అన్నాడు పర్విస్. “మన గురించి రాసేవాళ్లకి ఉన్న ఆస్తంతా అదొక్కటే. మనవాళ్లే అని మనం నమ్మడం.”

ఆ సాయంత్రమే నడీన్ ఫోన్ చేసింది.

“మిస్ వెర్డెల్, కేకు గురించి విన్నారా? నేనే ఎక్కడో తప్పు రాశాను. ఇల్లు మారినప్పుడు కార్డు పోయింది, ఎప్పుడో టైపు చేసి పెట్టుకున్నదే పంపాను. రెండో ముద్రణ సోమవారం మొదలవుతుంది. ఏం వదిలేశానో చెప్పండి.”

వెర్డెల్ పొయ్యి వైపు చూసింది. “దించాక కలపాలి కదా తల్లీ. మెరుపు పోయేదాకా.”

అవతల నడీన్ పుస్తకం ఆఖరి పేజీ తిప్పిన చప్పుడైంది.

“కార్డులో ఉందా అది?”

“ఆఁ... ఉండే ఉంటుంది. నువ్వే లైను దాటేసి ఉంటావు.”

“అవును,” అంది నడీన్ మెల్లగా. “నేనే దాటేశాను. ఛ, అదెలా మర్చిపోయాను! శనివారం లైబ్రరీలో చదవడానికి వస్తున్నానుగా, అక్కడే అందరి ముందూ తప్పు ఒప్పుకుంటాను. మీ పేరు చెడగొట్టాను, క్షమించండి, మిస్ వెర్డెల్.”

ఫోను పెట్టేశాక వెర్డెల్ తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. కక్కలేదు, మింగలేదు. డెబ్బై ఆరేళ్ల వయసులో ఒక కేకు కోసం, తన పొయ్యి పక్కన పెరిగిన పిల్ల మీద అబద్ధం రుద్దింది. అలాగని నిజం చెబితే మోజెల్ వింటుంది. ఊళ్లో ఆ కార్డు తీసుకున్న ముప్ఫై మంది ఆడవాళ్లూ వింటారు. మూడు రోజులు ఆవిడ సరిగ్గా తినలేదు. శనివారం పొద్దున్న లేచి, ఏం చేయాలో తోచక, కేకు చేసింది.

లైబ్రరీలో చర్చి నుంచి తెచ్చిన మడత కుర్చీలు నలభై వేశారు. అవి చాలక గోడ వెంబడి నిలబడ్డారు. బల్ల మీద మిరప, చీజు పెట్టిన బ్రెడ్డు ముక్కలు, ఉడికించిన వేరుశనక్కాయలు, తియ్యటి టీ. మధ్యలో వెర్డెల్ కేకు, గట్టిగా, మసకగా, ఒక్క చుక్క కారకుండా. మోజెల్ ముందు వరసలో టోపీ పెట్టుకుని కూర్చుని, పక్క కుర్చీ మీద తన బ్యాగు పెట్టి వెర్డెల్ కోసం పట్టి ఉంచింది.

నడీన్ పోస్ట్‌మ్యాన్‌తో పోట్లాట చదివింది. అందరూ పడీపడీ నవ్వారు. “నన్ను ఇంకా లావుగా రాసింది,” అని మోజెల్ గుసగుసలాడింది. ఆ తర్వాత నడీన్ పుస్తకం మూసింది.

“ఒక్క మాట. వెనక ఉన్న కేకు గురించి మీరు విని ఉంటారు. తప్పు నాది. మిస్ వెర్డెల్ నాకు ఏదీ దాచకుండా ఇచ్చారు. నేను ఒక లైను పోగొట్టాను. పాకం దించాక, మెరుపు పోయేదాకా కలపాలి.”

వెర్డెల్ పక్కకి చూడకూడదనుకుంది. కానీ చూసింది. మోజెల్ పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఆ కార్డు మోజెల్‌కి కంఠతా వచ్చు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మనసులో చదువుకుంటోంది. చదవడం అయిపోయింది. ఒడిలో ఉన్న రెండు చేతుల్ని చూసుకుంది. ఏమీ అనలేదు. అనదు కూడా, అది మోజెల్ గుణం. అదే వెర్డెల్ తట్టుకోలేకపోయింది.

లేచి నిలబడింది.

“ఆ పిల్ల ఏమీ పోగొట్టలేదు,” అంది. గొంతు బడి వంటింట్లో పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పటి గొంతే. “ఆ లైను నేను రాయలేదు. దానికీ రాయలేదు, మీలో ఎవరికీ రాయలేదు. మొన్న ఫోన్లో అడిగితే నీదే తప్పన్నాను. అబద్ధం చెప్పాను. మోజెల్... నీ చేతిలో ఏ దరిద్రమూ లేదు. ఎప్పుడూ లేదు. నా కార్డులోనే ఉంది.”

వెనక వరసలోంచి ఒకావిడ, “మా అత్త చచ్చేదాకా నా చేతిని తిట్టిపోసింది కదే దేవుడా!” అంది. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. మోజెల్ లేచింది. టోపీ సర్దుకుంది. బ్యాగు తీసుకుని, వెర్డెల్ వైపు చూడకుండా, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

వెర్డెల్ ఇంకా నిలబడే ఉంది. నడీన్ వచ్చి చెయ్యి పట్టుకుంది. తిడుతుందనే అనుకుంది వెర్డెల్, తిట్టమనే అనుకుంది.

“మిస్ వెర్డెల్, కార్డులో లేకపోతే మాత్రం? నాకు తెలియాలి కదా,” అంది నడీన్. “ఎన్ని శనివారాలు కలిపాను నేను ఆ పాకం! స్టూలు మీద నిలబెట్టి గరిటె నా చేతికిచ్చేవారు. చెయ్యి పీకుతోంది అంటే, ‘ఆపకు, చెబుతున్నా విను’ అని మొదలుపెట్టేవారు. వరదలో కొట్టుకొచ్చిన ఆవు సంగతి, మీ నాన్న పాస్టరుగారి గుర్రాన్ని దాచేసిన సంగతి. మెరుపు పోయేసరికి కథ అయిపోయేది.”

“అయితే?”

“అయితే నేను దాన్ని వంటలో లెక్క వేసుకోలేదు. మీకు ఫోన్ చేశాక రాత్రంతా ఆలోచించాను, అంత పెద్ద లైను ఎలా మర్చిపోయానని. నా లెక్కలో కేకు దించడంతో అయిపోయింది. ఆ తర్వాతది మీరు నాకు కథలు చెప్పే టైము. ఈ పుస్తకంలో నేను రాసిందంతా ఆ గరిటె తిప్పుతూ విన్నదే. మీరు అందరి దగ్గరా దాచిన ఆ కాసేపే, మిస్ వెర్డెల్, మొత్తం నాకు ఇచ్చారు.”

వెర్డెల్ కొంగు లేని మనిషి. చేతిరుమాలు కోసం వెతుక్కుని, దొరక్క, నడీన్ భుజం మీదే ముఖం పెట్టుకుంది. పర్విస్ కేకు కోయడం మొదలుపెట్టాడు. తిట్టాలనుకున్నవాళ్లు ముక్క నోట్లో పెట్టుకుని తిట్టారు. ఆ తిట్లు అంత గట్టిగా రాలేదు.

సోమవారం పొద్దున్న నడీన్ అచ్చువాళ్లకి కొత్త లైను పంపింది: ‘దించి, చల్లారనిచ్చి, మెరుపు పోయేదాకా కలపండి. పక్కన నిలబడి ఎవరైనా కథ చెబుతుంటే మంచిది.’ కింద జరిగినదంతా నాలుగు ముక్కల్లో రాసింది, వెర్డెల్ ఒప్పుకుంటేనే వేయండి అని. వెర్డెల్ ఒప్పుకుంది.

అదే రోజు మధ్యాహ్నం వెర్డెల్ తన ఇనప మూకుడు చంకన పెట్టుకుని, పాకం పోయని కేకు ఒకటి చేత్తో పట్టుకుని మోజెల్ ఇంటికి వెళ్లింది. తలుపు కొట్టింది. మోజెల్ తీసింది.

“నీతో మాట్లాడను,” అంది మోజెల్.

“మాట్లాడకు.”

“లోపలికి రా. ఈగలొస్తాయి.”

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. మోజెల్ పంచదార కరిగించింది, పాలు పోసింది, చన్నీళ్లలో ఉండ చూసింది. అన్నీ చక్కగా చేసింది. ఎప్పుడూ చక్కగానే చేసేది. దించింది. వెర్డెల్ గిన్నె అడుగున అరచెయ్యి ఆనించి చూసి, సరేనని తలూపి గరిటె అందించింది. మోజెల్ కలపసాగింది. పొయ్యి పక్క గోడ మీద మోజెల్ భర్త హాలిస్ ఫోటో ఉంది. ఆయన పోయి పదిహేనేళ్లు.

“చెయ్యి లాగేస్తోంది,” అంది మోజెల్ కాసేపటికి. “ఏదైనా చెప్పు. మాట్లాడనన్నాను గానీ, విననని అనలేదు.”

వెర్డెల్ ఆ ఫోటో వైపు చూసింది. “హాలిస్ గురించి చెప్పనా? దీని వెనక దాక్కోవడానికి చెప్పట్లేదు. రిబ్బను కోసం దాచాను, సిగ్గుపడి దాచాను, అది నా పాపమే. కానీ ఒకసారి నీకు చెప్పేద్దామని నిజంగా బయల్దేరాను. తొంభై నాలుగులో. నీ పుట్టినరోజు ముందర హాలిస్‌తో అన్నాను, కేకులో ఒకటి చెప్పాలి మోజెల్‌కి అని. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ‘చెప్పకు వెర్డెల్’ అన్నాడు.”

మోజెల్ చెయ్యి నెమ్మదించింది. “ఎందుకని?”

“‘ఏటా పాకం పళ్లెంలోకి కారిపోతుంది. మోజెల్ దాన్ని తిడుతుంది, నేను నవ్వుతాను, ఆమెకీ నవ్వొస్తుంది. చెరో చెంచా పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడి పళ్లెం నాకేస్తాం. ఏడాదంతా పత్తి చేలో మేం మాట్లాడుకునేదే తక్కువ. అది గట్టిపడిందనుకో, నా ముక్క నేను తింటాను, తన ముక్క తను తింటుంది. మాకు ఉన్నదే ఆ ఒక్క పూట, వెర్డెల్, దాన్ని తీసెయ్యకు’ అన్నాడు.”

మోజెల్ చెయ్యి ఆగిపోయింది. గిన్నెలోకి చూస్తూ నిలబడింది. పాకం ఇంకా నిగనిగలాడుతోంది.

“మెరుపు పోలేదు ఇంకా,” అంది వెర్డెల్ మెల్లగా. “ఆపితే కారిపోతుంది.”

“కారనీ,” అంది మోజెల్. కళ్లు నిండిపోయాయి, కానీ నోరు నవ్వుతోంది. “నలభై ఏళ్లు నోరు మూసుకున్నందుకు దేవుడు నిన్ను దీవించును గాక, వెర్డెల్ టేటమ్.”

ఆమె పాకాన్ని అలాగే కేకు మీద కుమ్మరించింది. అది అంచులు దాటి పళ్లెంలోకి జారింది. మోజెల్ సొరుగు లాగి రెండు చెంచాలు తీసింది, ఒకటి వెర్డెల్ చేతిలో పెట్టింది.